వాళ్ళ ప్రశాంతతకి ఎన్నెకరాలు కావాలి?

మొన్న వేదాద్రిలో కారు దిగిన ఒక పెద్దమనిషి కొండ చూశాడు, కృష్ణ చూశాడు, గుండెల నిండా గాలి పీల్చాడు. "ఎంత ప్రశాంతంగా ఉందండీ మాస్టారూ! ఇక్కడో గోల్ఫ్ కోర్సు పడితే మన జగ్గయ్యపేట రాత మారిపోద్ది" అన్నాడు. ఆ మాటనేటప్పుడు ఆయన వెనకాలే మన ఆడవాళ్ళు మిరపకాయ కోతలకెళ్ళి ఆటోలో కుక్కుకుని తిరిగొస్తున్నారు. ఆయన చూపు వాళ్ళ మీద పడలేదు. పడనందుకే ఆయనకక్కడ ప్రశాంతంగా ఉంది.

తెలియనివాళ్ళకి చెబుతున్నాం. గోల్ఫంటే గోలీలాటకి పెద్దన్న. మన పిల్లలు వీధిలో మడమతో గుంట చేసుకుని వేళ్ళతో ఆడతారు. వీళ్ళు కర్రతో కొడతారు. గుంట వెడల్పు నాలుగుంపావు అంగుళాలు. అలాంటివి 18. హైదరాబాదు పక్కన మణికొండ రాళ్ళగుట్టల్లో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం దుబాయి కంపెనీ ఎమ్మార్‌కి 535 ఎకరాల ప్రాజెక్టు అప్పగిస్తే, అందులో 235 ఎకరాలు ఈ ఆటకే పోయాయి. అక్కడి విల్లా ప్లాట్ల అమ్మకాల మీద 2011లో సీబీఐ కేసు పెట్టింది. అది కోర్టుల సంగతి. మేం అడిగేది వేరే లెక్క. పద్దెనిమిది గుంటలకి 235 ఎకరాలు దొరికిన చోట మన శవానికి ఆరడుగుల గుంటకి జాగా ఎందుకు దొరకదు? వానలో పాడె మోసుకెళ్ళి పక్కోడి చేను గట్టు మీద నిలబడి బతిమాలుకున్న ఊళ్ళు మనకెన్ని తెలియవు!

ఉద్యోగాలొస్తాయంటారు. ఏం ఉద్యోగం? దొరగారి కర్రల సంచి మోసేవాణ్ణి క్యాడీ అంటారు. మన భాషలో కాడి ఎవరి మెడ మీదుంటుందో రైతుకూలీకి వేరే చెప్పాలా? కలకత్తాలో తెల్లదొరలు 1829లోనే క్లబ్బు పెట్టుకున్నారు. ఆ మైదానంలో గడ్డి చూసే పనివాడి కొడుకు చౌరాసియా పెద్ద ఆటగాడై 2008లో ఇండియన్ మాస్టర్స్ గెలిచాడు. మాకూ సంతోషమే. ఒక్కడు గెలిచాడని మిగతా సంచులు తేలికవుతాయా? 2017లో ఢిల్లీ గోల్ఫ్ క్లబ్బులో భోజనానికి పిలిస్తే వెళ్ళిన ఖాసీ స్త్రీని, ఆమె కట్టుకున్న జైన్‌సెమ్ చూసి పనిమనిషిలా ఉన్నావని లేచిపొమ్మన్నారు. పిలిచినా కూర్చోనివ్వని బల్ల అది.

ఇక నీళ్ళు. మనది మెట్ట. కృష్ణ పక్కనే పారుతుంది, పైకెక్కదు. వేదాద్రి దగ్గర ఎత్తిపోతలకి శంకుస్థాపన జరగడానికే 2020 దాకా ఆగాల్సొచ్చింది. పత్తికి, మిరపకి అన్నేళ్ళు పట్టిన నీళ్ళు పచ్చగడ్డికైతే రోజూ కావాలి, ఎండాకాలం మరీ కావాలి. 1985లో కారంచేడులో గొడవ మొదలైంది మంచినీళ్ళ చెరువు దగ్గరే. నీళ్ళెవరివన్న మాట మనకి కొత్తగాదు.

వేదాద్రిలో ఎవరో ఏదో కట్టేస్తున్నారని మేం చెప్పడం లేదు. ఆ మాట నోట్లోంచి వచ్చిందంటే చూపు భూమి మీద పడ్డట్టే. గుట్ట పక్క బంజర్లలో మన పట్టాలున్నాయి. వాటిని అమ్మకూడదని 1977లో చట్టం చేశారు. 2023లో దాన్ని సవరించి, ఇరవై ఏళ్ళు దాటినవి అమ్ముకోవచ్చన్నారు. 2024లో ప్రభుత్వం మారాక ఆ రిజిస్ట్రేషన్లు ఆపారు గానీ, తలుపు ఏ పక్కనుందో కొనేవాళ్ళు చూసేశారు.

కాబట్టి అన్నల్లారా, అక్కల్లారా, పట్టా కాయితం ట్రంకుపెట్టెలో ఉంటే చాలదు. అడంగల్‌లో ఎవరి పేరుందో చూసుకోండి. మీ పేట శ్మశానం సర్వే నంబరెంత, రికార్డులో ఎన్ని సెంట్లుంది, ఇప్పుడు గట్ల మధ్య ఎన్ని మిగిలాయి, టేపు పట్టుకుని కొలవండి. నందిగామ వైపు ఊళ్ళవాళ్ళూ కొలవండి. చదువుకునే పిల్లలచేత ఒక తెల్లకాయితం మీద రాయించి వచ్చే సంచికలోపు మాకు పంపండి.