మనకు ఇచ్చింది పంచుకుందాం, మనది ఇచ్చే ముందు అడుగుదాం

  పోస్టు కొంచెం పెద్దగానే ఉంటది. స్టడీ అవర్ అయిపోయినంక ఓపిగ్గా చదవండి. నేను రాసిన దాంట్లో తప్పుంటే మొహమాటం లేకుండా చెప్పండి.

నేను పదో తరగతి దాకా చదివిన ఆశ్రమ పాఠశాలలో శనివారం సాయంత్రం ఒక కథల ఆట క్లబ్ నడుస్తది. మా ఇంగ్లీష్ సారు మొదలుపెట్టిండు. ఇప్పుడు నేను డిగ్రీలో ఉన్నా, ఊరికి పోయినప్పుడల్లా పిల్లలతో కూర్చుంటా. ఆ ఆట పేరు డంజన్స్ అండ్ డ్రాగన్స్. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు తయారుచేసిన్రు. తెలియని వాళ్లకు రెండు ముక్కల్లో చెప్తా. ఒకరు కథ చెప్తరు. మిగతా నలుగురైదుగురు ఆ కథలో ఒక్కో మనిషి అవుతరు. "నేను గుహలోకి పోత", "నేను చెట్టెక్కి చూస్త" అని ఎవరి పని వాళ్లు చెప్పాలె. అది అయితదా కాదా అనేది ఇరవై ముఖాల పాచిక చెప్తది. మా దగ్గర ఆ పాచిక లేదు. 1 నుంచి 20 దాకా చిట్టీలు రాసి స్టీల్ గ్లాసులో వేసి తీస్తం. ఆట ఏమీ ఆగలేదు.

ఆగింది పుస్తకాల దగ్గర. ఈ ఆటకు ముఖ్యమైన పుస్తకాలు మూడు. ఒక్కోటి అమెరికాలోనే దాదాపు 50 డాలర్లు. మన హాస్టల్ పిల్లలు కొనే లెక్క కాదు అది. అందుకే నేనే ఎక్కడెక్కడో వెతికి, ఎవరో స్కాన్ చేసిన పీడీఎఫ్‌లు తెచ్చి క్లబ్ వాట్సాప్ గ్రూపులో పెట్టిన. పెద్ద పని చేసిన అనుకున్న. పిల్లలు చప్పట్లు కొట్టిన్రు కూడా.

ఇప్పుడు ఆ పని ఆపేసిన. ఎందుకు ఆపేసినో, దాని బదులు ఏం చేద్దాం అంటున్ననో చెప్పడానికే ఈ పోస్టు.

ముందే ఒక మాట. అట్ల పీడీఎఫ్ పంపిన పిల్లలను దొంగలు అని నేను అనను. చదువుకోవాలన్న ఆశతో చేసిన పని అది. ఇదే మాట మీద మా క్లబ్‌లో ఒక తమ్ముడు నన్ను నిలదీసిండు. "అన్నా, మన భూములు అడిగి తీసుకున్నరా? మన పాటలు అడిగి సినిమాల్లో పెట్టుకున్నరా? వాళ్ల పుస్తకం ఒకటి మనం తీసుకుంటే అయిపోయిందా?" అన్నడు. ఆ రోజు నా దగ్గర జవాబు లేదు. ఆ కోపం అబద్ధం కాదు కాబట్టి దాన్ని పక్కకు పెట్టి మాట్లాడలేను. నా జవాబు కింద వస్తది.

మొదట మనకు నిజంగా ఇచ్చింది ఏంటో చూద్దాం. డంజన్స్ అండ్ డ్రాగన్స్ నియమాల్లో పెద్ద భాగం మనకు ఉచితంగా, చట్టబద్ధంగా దొరుకుతది. దీని పేరు సిస్టమ్ రిఫరెన్స్ డాక్యుమెంట్, పొట్టిగా ఎస్‌ఆర్‌డీ. 2023 జనవరిలో ఆ ఆట కంపెనీ విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్, 2000 సంవత్సరం నుంచి అందరూ వాడుకుంటున్న పాత లైసెన్స్‌ను మార్చబోతోందని ముసాయిదా బయటికి వచ్చింది. ఆడేవాళ్లు, చిన్న చిన్న రచయితలు గట్టిగా ఎదురుతిరిగిన్రు. ఆ నెల ముగియకముందే కంపెనీ వెనక్కి తగ్గి, 5.1 ఎస్‌ఆర్‌డీ మొత్తాన్ని క్రియేటివ్ కామన్స్ అట్రిబ్యూషన్ 4.0 లైసెన్స్ కింద పెట్టింది. అంటే ఎవరిదో పేరు చెప్పి, ఏం మార్చినమో చెప్పి, మనం కాపీ చేసుకోవచ్చు, జిరాక్స్ తీసి పంచొచ్చు, తెలుగులోకి, గోండీలోకి, కోయలోకి మార్చుకోవచ్చు. అమ్ముకోవచ్చు కూడా. ఇంకో ముఖ్యమైన సంగతి, ఈ లైసెన్స్ ఒకసారి ఇస్తే వెనక్కి తీసుకోరాదు. కంపెనీ పేరు, లోగో మాత్రం మనవి అయిపోవు.

అందులో అన్నీ ఉండవు. పన్నెండు రకాల పాత్రలూ ఉన్నయి, కానీ ఒక్కో దాంట్లో ఒక్క శాఖ మాత్రమే ఉంటది. అయినా మా పిల్లలు రెండేళ్లు ఆడినా అయిపోదు. ఇంకా చిన్న ఆట కావాలంటే జాన్ హార్పర్ రాసిన లేజర్స్ అండ్ ఫీలింగ్స్ ఉంది, మొత్తం ఆట ఒక్క పేజీ, ఉచితం. షాన్ టామ్కిన్ రాసిన ఐరన్‌స్వోర్న్ పీడీఎఫ్ కూడా ఉచితమే. దాన్ని ఒక్కరే కూర్చొని కూడా ఆడుకోవచ్చు. ఇవి నాకు ముందే తెలిస్తే ఆ స్కాన్ కాపీల జోలికి పోకపోదును.

దీంట్లో లాభం ఏందంటే, దొంగచాటు కాపీతో మనం ఏ పనీ బయటికి చేయలేం. దాన్ని తెలుగు చేసి ఇంకో స్కూలుకు పంపలేం. హెడ్మాస్టర్ ముందు పెట్టి "సార్, ముప్పై కాపీలు జిరాక్స్‌కు పైసలు ఇప్పించండి" అని అడగలేం. ఇచ్చిన దానితో అయితే ఇవన్నీ తల ఎత్తుకొని చేయొచ్చు. వందల ఎంబీల స్కాన్ ఫైల్‌కి మా ఊరి సిగ్నల్ సరిపోదు, తెలుగులో టైప్ చేసిన పన్నెండు పేజీలు నిమిషంలో దిగుతయి.

కొందరు 2016 నాటి ఢిల్లీ యూనివర్సిటీ జిరాక్స్ కేసు గుర్తుచేస్తరు. అవును, పాఠాల కోసం పుస్తకాల్లోని భాగాలను జిరాక్స్ తీసి పిల్లలకు ఇవ్వడం తప్పు కాదని ఢిల్లీ హైకోర్టు చెప్పింది. మన లాంటి విద్యార్థులకు అది మంచి తీర్పు. కానీ అది తరగతి పాఠాల సంగతి. ఆట పుస్తకం మొత్తాన్ని ఎవరైనా చేరగలిగే గ్రూపులో పెట్టడానికి దాన్ని అడ్డం పెట్టుకోలేం అని నా అభిప్రాయం.

ఇప్పుడు తమ్ముడి ప్రశ్నకు వస్త. జవాబు నాకు కోర్టులో దొరకలేదు, మా క్లబ్‌లోనే దొరికింది.

మొన్న దసరా సెలవుల్లో తొమ్మిదో తరగతి పిల్లగాడు ఒకడు నోట్‌బుక్ తెచ్చిండు. వాళ్ల వంశం పెర్సాపేన్ కథను ఆటగా రాసిండు. పేన్‌కు ప్రాణం లెక్క, బలం లెక్క, ఏ ఆయుధం పనిచేస్తది, ఏది పనిచేయదు, అన్నీ రాసిండు. బొమ్మ కూడా చాలా బాగా గీసిండు. "థోర్‌కు ఉన్నది కదా అన్నా, మన పేన్‌కు ఎందుకు ఉండొద్దు? దీన్ని టెలిగ్రామ్‌ల పెడదాం, ప్రపంచం మొత్తం చూస్తది" అన్నడు. వాడి ముఖంలో ఎంత గర్వమో. నాకూ గర్వంగానే అనిపించింది. సరే అనబోయిన.

మరి ఎందుకో, ముందు అడుగుదాం అన్న. ఇద్దరం కలిసి కిక్రి వాయించే ప్రధాన్ తాత దగ్గరికి పోయినం. ప్రధాన్‌లు మన వంశాల కథలను పాడే వాళ్లు అని మీకు తెలుసు. తాత నోట్‌బుక్ మొత్తం తిరగేసిండు, బొమ్మ చూసి నవ్విండు. తర్వాత అన్నడు: "ఆట ఆడుకోండి బిడ్డా, ఆట మంచిదే. ఈ కథ మాత్రం ఊరికే చెప్పేది కాదు. పూజ ఉన్ననాడు, పిలిచిననాడు చెప్తం. మీ ఫోన్ల పూజ ఏడుంటది?"

పిల్లగానికి కోపం వచ్చింది. నాకూ కొంచెం వచ్చింది, దాచుకోను. దాచి దాచి మన కథలు మనతోనే పోతయి కదా అనిపించింది. కానీ హాస్టల్‌కు వచ్చినంక ఈ ఆట చరిత్ర చదివితే ఒక సంగతి కనబడింది.

1980లో ఇదే ఆటకు డీటీస్ అండ్ డెమీగాడ్స్ అని ఒక పుస్తకం వచ్చింది. అప్పటి కంపెనీ పేరు టీఎస్‌ఆర్. ప్రపంచంలో ఉన్న దేవుళ్లకు ప్రాణం లెక్కలు రాసిన పుస్తకం అది. అందులో అమెరికా ఆదివాసుల దేవుళ్లు ఉన్నరు, మన దేశపు వేదకాలం దేవుళ్లు ఉన్నరు, నవలా రచయితలు పుట్టించిన కల్పిత లోకాలు కూడా ఉన్నయి. వాటిలో రెండు లోకాల మీద ఇంకో గేమ్ కంపెనీకి లైసెన్స్ ఉంది. తర్వాతి ముద్రణల్లో ఆ రెండు భాగాలూ తీసేసిన్రు. అమెరికా ఆదివాసుల భాగం మాత్రం అట్లనే ఉంది. ఎందుకంటే వాళ్ల తరఫున చూపించడానికి ఏ లైసెన్స్ కాగితమూ లేదు.

మన దగ్గరా అదే పరిస్థితి. మన కాపీరైట్ చట్టం 1957 నాటిది. రాసిన మనిషి బతికినంత కాలం, ఆ తర్వాత 60 ఏళ్లు రక్షణ ఇస్తది. మరి పెర్సాపేన్ కథను రాసిన మనిషి ఎవరు? పేరు లేదు. ఎవరైనా వచ్చి విని, తన మాటల్లో పుస్తకం వేసుకుంటే, ఆ రాతకు హక్కుదారు ఆయన అవుతడు. తరతరాలుగా పాడిన ప్రధాన్ తాత కాడు. ఇక మనమే ఆ కథను క్రియేటివ్ కామన్స్ కింద పెట్టినమనుకోండి, ఇందాక చెప్పిన మాట గుర్తుచేసుకోండి: వెనక్కి తీసుకోరాదు. ఎస్‌ఆర్‌డీ విషయంలో మనకు ధైర్యం ఇచ్చిన మాటే ఇక్కడ మనకు ఉరి అవుతది. తొమ్మిదో తరగతి పిల్లగాడు ఒక శనివారం సాయంత్రం తీసుకున్న నిర్ణయం వంశం మొత్తం మీద ఎప్పటికీ ఉంటది.

తమ్ముడికి నా జవాబు ఇదే. అడగకుండా తీసుకుంటే తప్పులేదు అని మనమే అంటే, రేపు ఎవడో మన పేన్‌కు ప్రాణం లెక్క రాసి అమ్ముకున్ననాడు మన నోట్లో మాట ఉండదు. ఆ కంపెనీకి మన పీడీఎఫ్‌తో వచ్చే నష్టం ఎంతో నాకు తెలియదు, దాని గురించి నాకు బాధ కూడా పెద్దగా లేదు. "అడిగి తీసుకో" అనే మాట మాత్రం మనకు కావాలె. చట్టం మనకు రక్షణ ఇవ్వని చోట మన చేతిలో ఉన్నది ఆ మాట ఒక్కటే.

అందరూ ఒప్పుకోకపోవచ్చు. దండారి, గుస్సాడీ అందరి ముందే ఆడుతం కదా, గుస్సాడీ కనకరాజు గారికి 2021లో పద్మశ్రీ కూడా వచ్చింది కదా, దాచుడేంది అనొచ్చు. నిజమే, అన్నీ దాచమని నేను అనడం లేదు. కొన్ని అందరి ముందు ఆడేవి, కొన్ని పూజ దగ్గర మాత్రమే చెప్పేవి. ఏది ఏదో ఇంటర్నెట్‌కు తెలియదు, మన పెద్దలకు తెలుసు. బయటి దేశాల్లో ఆదివాసులు దీనికి ఒక పద్ధతి పెట్టుకున్నరు. లోకల్ కాంటెక్స్ట్స్ అనే సంస్థ 2010 నుంచి పనిచేస్తోంది. ఇది ఫలానా కాలంలోనే చెప్పాలె, ఇది అమ్మకానికి కాదు, ఇది మా సమాజంలోనే ఉండాలె అని చెప్పే లేబుళ్లు తయారుచేసింది. ఆ లేబుల్ ఉంటే పోలీసులు వచ్చి ఆపరు. కానీ చూసినవాడు "నాకు తెలియదు" అని తప్పించుకోలేడు.

మా క్లబ్‌లో ఇప్పుడు చేస్తున్నది చెప్తా. మీ దగ్గర క్లబ్ ఉంటే ఆలోచించండి.

డ్రైవ్ ఫోల్డర్‌ను మూడు చేసినం. మొదటిది ఇచ్చినవి: ఎస్‌ఆర్‌డీ లాంటివి, ఎవరికైనా పంపొచ్చు. రెండోది కొన్నవి: సారు సొంత పైసలతో ఒక పుస్తకం కొన్నడు, అది క్లబ్ బల్ల మీదనే ఉంటది, అందరూ చదువుతరు, స్కాన్ చేయం. మూడోది మనవి: మనం తయారుచేసినవి. ప్రతి ఫైల్ మొదటి పేజీలో నాలుగు లైన్లు ఉంటయి. ఇది ఎవరిది, ఏ అనుమతితో వాడుతున్నం, ఎవరు అనువదించిన్రు, ఏ పెద్దమనిషిని అడిగినం. పెద్దలు వద్దన్నవి కూడా ఒక కాగితం మీద రాసి పెట్టుకుంటున్నం. కథ రాయం, "అడిగినం, వద్దన్నరు" అని మాత్రమే. రేపు వచ్చే పిల్లలు మళ్లీ అదే తప్పు చేయకుండా.

అనువాదం మొదలైంది, కానీ నెమ్మదిగా పోతోంది. విజార్డ్ అనే పాత్రకు "మంత్రగాడు" అని రాసినం. ఒక చెల్లె లేచి "అన్నా, మా ఊళ్లో ఆ మాట అంటే మనిషిని కొడతరు" అన్నది. నిజమే. మన దగ్గర మంత్రాల అనుమానంతో మనుషుల ప్రాణాలే తీసిన్రు. అందుకే విజార్డ్ అనే ఉంచినం. ఇట్లాంటివి అమెరికా పుస్తకంలో ఉండవు, మనమే పట్టుకోవాలె.

ఇక ఆ పిల్లగాడు. రెండు వారాలు క్లబ్‌కు రాలేదు. మూడో వారం వచ్చిండు. తాత వాడిని పిలిచి, "ఇది తీస్కపో" అని ఇప్పపూల కాలంలో ఎలుగుబంటికి ఎదురుపడ్డ తన చిన్ననాటి ముచ్చట చెప్పిండట. వాడు దాన్ని ఆటగా రాసిండు. తెల్లారకముందే ఇప్పపూలు ఏరడానికి నలుగురు పోతరు, అదే చెట్టు కిందికి పిల్లలతో తల్లి ఎలుగు వస్తది. చంపితే ఆట ఓడినట్టు. గంప నిండా పువ్వుతో అందరూ ఇల్లు చేరితే గెలిచినట్టు. తాతను అడిగి, ఆయన పేరు వేయాలా వద్దా అనేది కూడా అడిగి, దీన్ని మూడో ఫోల్డర్‌లో పెట్టినం. కావాలంటే నాకు మెసేజ్ చేయండి, పంపుతా. ఆడండి, మార్చుకోండి.

పేన్ కథ నోట్‌బుక్ వాడి దగ్గరనే ఉంది. చింపమని ఎవరూ అనలేదు. అది పెట్టకపోవడం వల్ల మా ఆటకు కొంచెం లోటే, వాడికి ఇప్పటికీ బాధే. ఆ బాధ తప్పని నేను అనను.

చివరగా ఒక సాయం కావాలె. కోయ, కొలామీ బాగా వచ్చిన వాళ్లు ఎవరైనా ఉంటే, ఎస్‌ఆర్‌డీలో పోరాటం నియమాలు, పాత్ర తయారీ, ఈ రెండు భాగాలు మార్చడానికి ముందుకు రండి. వారానికి ఒక్క పేజీ చాలు. మీ ఊరి పెద్దలను ఒక్కసారి అడిగి, మీ దగ్గర ఏ కథలు ఆటకు పనికొస్తయి, ఏవి పూజ దగ్గరే ఉండాలె అని వాళ్లు అన్నరో కింద రాయండి. కథ రాయకండి, అడిగిన ముచ్చట రాయండి.

జై ఆదివాసీ.