కౌరవులు, పాండవులు, కాలిఫోర్నియా మామ

"కౌరవులు నూరుమంది, పాండవులు ఐదుమంది. ఓట్లు పెట్టింటే ఎవరు గెలుస్తార్రా అల్లుడా?"

మామ ఈ ప్రశ్న వేసింది కళ్యాణదుర్గం దగ్గర మా ఊర్లో, వేపచెట్టు కింద నులకమంచం మీద కూర్చొని. 2025 సంక్రాంతికి కాలిఫోర్నియా నుంచి వచ్చాడు. పాతికేళ్లుగా అక్కడే ఉంటున్నాడు, పదమూడేళ్లుగా అక్కడి ఓటరు. గుడి కమిటీలో ఉన్నాడు, శనివారం ఒక్కపొద్దు మానడు, ఓటు రిపబ్లికన్లకే వేస్తాడు. అమెరికా ఎలక్టొరల్ కాలేజి గురించి నేను నోరు జారి ఏదో అన్నందుకు వచ్చిన జవాబు ఇది. జనం తల లెక్కతో ధర్మం తేలదు, అందుకే అక్కడి పెద్దలు ఆ ఏర్పాటు చేశారు, అది దైవప్రేరణ అని ఆయన వాదం.

మామ పక్కవీధిలో కడప వైపు నుంచి వెళ్లిన ఒకాయన ఉన్నాడట. తెలుగు చర్చిలో పెద్ద. వీళ్లిద్దరికీ మతమార్పిడి దగ్గర్నుంచి యోగా దాకా దేంట్లోనూ పడదు. ఈ ఒక్క విషయంలో మాత్రం ఒకటే మాట. ఆయన పాండవులను తేడు, ఆదిపాపాన్ని తెస్తాడు. మనిషి పుట్టుకతో పాపి, పాపులు ఎక్కువమంది చేరినంత మాత్రాన పుణ్యం కాదు, కాబట్టి మెజారిటీకి కళ్లెం ఉండాలి. అమెరికాలో ఈ వాదానికి పెద్ద పరంపరే ఉంది. కేథలిక్ సంప్రదాయవాది ఫిలిస్ ష్లాఫ్లీ, ఆవిడ పెట్టిన ఈగిల్ ఫోరమ్, దేశమంతటి ఓట్లూ కలిపి అధ్యక్షుణ్ణి తేల్చాలన్న ప్రతిపాదనను గట్టిగా వ్యతిరేకించినవాళ్లే. మనది డెమోక్రసీ కాదు, రిపబ్లిక్ అన్నది ఆ శిబిరంలో దాదాపు జపమంత్రం.

ఈ వాదాన్ని నేను తేలిగ్గా తీసెయ్యను. మెజారిటీ తప్పు చేస్తుంది, నిజమే. హక్కులు ఓటింగుకు పెట్టే సరుకు కాదు, అదీ నిజమే. కానీ ఎలక్టొరల్ కాలేజి చేసే పని అది కాదు కదా! అది పాండవులెవరో కనుక్కోదు, ఎవరు ఏ నేల మీద నిలబడ్డారో చూస్తుందంతే. 2020 జనాభా లెక్కల ప్రకారం వయోమింగ్‌లో ఉన్నది దాదాపు 5.77 లక్షల మంది, వాళ్లకు ముగ్గురు ఎలక్టర్లు. కాలిఫోర్నియాలో 3.95 కోట్ల మంది, 54 మంది ఎలక్టర్లు. అక్కడ ఒక ఎలక్టరు వెనక 1.92 లక్షల మంది, ఇక్కడ 7.3 లక్షల మంది. ఆదిపాపం వయోమింగ్‌లో నాలుగో వంతే అంటిందా? పాండవులైనా ఐదూళ్లు అడిగారు గానీ, మా ఒక్కొక్కరినీ నలుగురుగా లెక్కపెట్టండి అని అడగలేదు.

ఇంక దైవప్రేరణ సంగతి. 1787 ఫిలడెల్ఫియా సభలో మాడిసన్ దాచుకోకుండానే చెప్పాడు. ప్రజలే నేరుగా ఎన్నుకోవడం మేలైన పద్ధతే, కానీ అలా చేస్తే ఓటు లేని బానిసల వల్ల దక్షిణాది రాష్ట్రాలకు బలం ఉండదు అని. ఎలక్టర్ల పద్ధతిలో ఆ చిక్కు తీరింది. ఒక బానిసను మూడైదో వంతు మనిషిగా లెక్కకట్టి, ఆ బలాన్ని యజమాని రాష్ట్రం ఖాతాలో వేశారు. ఇదొక్కటే కారణం అనను. చిన్న రాష్ట్రాల భయం ఉంది, అంత పెద్ద దేశంలో అభ్యర్థులెవరో జనానికి తెలియదన్న అనుమానమూ ఉంది. అంటే అది బేరం. మనుషులు కూర్చొని కుదుర్చుకున్న బేరం. దాన్ని వేదం పక్కనో బైబిల్ పక్కనో పెట్టడం భక్తి ఎట్లా అవుతుందో నాకు అర్థం కాదు. చర్చి పెద్దాయనకు నాకన్నా బాగా తెలిసిన కథే, సమూయేలు రోజుల్లో జనం రాజు కావాలని పట్టుబడితే దేవుడు హెచ్చరించి, చివరికి వాళ్ల మాట వినమనే అన్నాడు.

మామ దగ్గర ఇంకో అస్త్రం ఉంది. నన్ను నిజంగా కదిలించింది అదే. "రేయ్, నువ్వు అనంతపురం వాడివి. ఎక్కువ మంది ఉండేచోటికే అంతా పోతే మన గతి ఏమప్పా? కోస్తావాళ్ల తలలు లెక్కపెట్టుకుంటా కూర్చుంటే మనకు నీళ్లొస్తాయా?"

ఇది ఊరికే పుట్టిన మాట కాదు. 1937 నవంబరు 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు గారి ఇంట్లో కుదిరిన శ్రీబాగ్ ఒడంబడికలో తుంగభద్ర, కృష్ణ, పెన్న నీళ్లలో సీమకు, నెల్లూరుకు మొదటి హక్కు అన్నారు. దాంతోపాటు చట్టసభలో జనరల్ సీట్లు జిల్లాకు సమానంగా ఉండాలనీ రాసుకున్నారు. జనాభాతో పని లేకుండా! ఒక రకంగా మా పెద్దవాళ్లు అడిగింది కూడా వయోమింగ్ అడిగిందే. ఏటా 550 మిల్లీమీటర్ల వాన దాటితే గొప్ప అనుకునే ఈ గట్టు నేల మీద పుట్టినవాడిగా ఆ కోరికను ఎగతాళి చేసే హక్కు నాకు లేదు. వేరుశనగ ఎండిపోయిన ఏడు మా నాయన ముఖం ఎట్లుండేదో నాకు గుర్తుంది.

కానీ వెనకబడిన నేలకు ఎలక్టొరల్ కాలేజి చేసే మేలేమిటో చూడండి. 48 రాష్ట్రాల్లో ఒక్క ఓటు ఎక్కువొచ్చినవాడికి ఆ రాష్ట్రం ఎలక్టర్లంతా పోతారు. ఫలితం తెలిసిపోయిన వయోమింగ్ వైపు ప్రచారానికి ఎవడూ తిరిగి చూడడు, అందరూ పెన్సిల్వేనియాలోనే తిరుగుతారు. 2020లో ట్రంప్‌కు కాలిఫోర్నియాలో 60 లక్షల ఓట్లు వచ్చాయి. టెక్సస్‌లో వచ్చినవాటికన్నా ఎక్కువ. ఎలక్టర్లు సున్న. ఆ 60 లక్షల్లో మా మామ ఒకడు. 1988 తర్వాత ఆ రాష్ట్రం రిపబ్లికన్‌కు పోలేదు. అంటే ఓటు హక్కు వచ్చినప్పట్నుంచీ ఈయన ప్రతి నాలుగేళ్లకూ క్యూలో నిలబడి, తన ఓటును మాయం చేసే యంత్రానికి దండం పెట్టి వస్తున్నాడు. ఇదే పద్ధతి ఆంధ్రప్రదేశ్‌కు పెడితే అనంతపురం ఓటు ఎటు పడినా కోస్తా ఓటు కింద కలిసిపోతుంది. మనకు కావలసింది అదా?

నిజానికి ఎలక్టొరల్ కాలేజి మనకూ ఉంది. దాని వేడి ఈ జిల్లాకు బాగా తెలుసు. ఇల్లూరు నీలం సంజీవరెడ్డి 1969లో రాష్ట్రపతి ఎన్నికలో నిలబడి వి.వి. గిరి చేతిలో ఓడిపోయారు. రెండో ప్రాధాన్య ఓట్లు కలిపాక గిరికి 4,20,077, రెడ్డికి 4,05,427. ఇందిరమ్మ ఆత్మప్రబోధం అనింది, సొంత పార్టీ అభ్యర్థే మునిగిపోయాడు. అప్పటి మన మత సంప్రదాయవాద పార్టీ జనసంఘ్, స్వతంత్ర పార్టీతో కలిసి దేశ్‌ముఖ్‌ను నిలబెట్టింది, రెండో ప్రాధాన్యం రెడ్డికి ఇవ్వాలన్న లోపాయికారీ మాటలు నడిచాయి. అంతా రాజకీయమే, ఎవరూ దేవుణ్ణి పిలవలేదు. ఆ పద్ధతిలో ఎమ్మెల్యే ఓటు విలువ జనాభాను బట్టి ఉంటుంది, ఒక రాష్ట్రం ఓట్లు పార్టీల మధ్య చీలతాయి, మూటగట్టి ఒకరికే ఇచ్చెయ్యరు. 1977లో రెడ్డి గారు పోటీ లేకుండా గెలిచారనుకోండి, అది వేరే కథ.

ఇక్కడే మామ నన్ను పట్టుకున్నాడు. "సరే, తలకొక ఓటు అంటివి. ఇప్పుడు నియోజకవర్గాల పునర్విభజన వస్తే ఉత్తరప్రదేశ్‌కు సీట్లు పెరిగి మనకు తగ్గుతాయి. ఒప్పుకుంటావా?"

కొంచెంసేపు నోరు పెగల్లేదు. రాష్ట్రపతి ఎన్నికలో ఓటు విలువ ఇప్పటికీ 1971 జనాభా మీదే లెక్క. 2026 తర్వాత జరిగే మొదటి జనగణన దాకా అది కదలదు. ఆ లెక్కన ఉత్తరప్రదేశ్ ఎమ్మెల్యే ఓటు 208, మన ఆంధ్ర ఎమ్మెల్యే ఓటు 159. కొత్త లెక్క వేస్తే ఈ తేడా ఇంకా పెరుగుతుంది. ఒప్పుకుంటాను అన్నాను చివరికి. ఒప్పుకోవడం బాధగానే ఉంది. రాష్ట్రాలకు రక్షణ కావాలంటే దానికి వేరే చోటుంది. అమెరికాకు సెనేట్ ఉంది, రాష్ట్రానికి ఇద్దరు. మన రాజ్యసభలో ఆ సమానత్వం లేదు, ఉత్తరప్రదేశ్‌కు 31, మనకు 11, సిక్కింకు ఒకటి. కొట్లాడితే అక్కడ కొట్లాడాలి, పన్నుల వాటా దగ్గర కొట్లాడాలి, నీళ్ల దగ్గర కొట్లాడాలి. మనిషిని లెక్కపెట్టే చోట మాత్రం ఒక మనిషి ఒక మనిషే.

నేనూ ఒకటి అడిగాను. "మామా, అమెరికాలో రాష్ట్రాల బలం పవిత్రం అంటావు. ఇక్కడికొచ్చి ఒకే దేశం, ఒకే ఎన్నిక అంటావు. గోల్వాల్కర్ అసలు సమాఖ్యే వద్దు, ఏకకేంద్ర ప్రభుత్వం చాలన్నాడు, ఆయన ఫొటో మీ ఇంట్లో ఉంది. ఏది ధర్మం?"

"అది అమెరికా, ఇది ఇండియా" అన్నాడు మామ.

"మరి 2024లో మీవాడు మొత్తం ఓట్లలో కూడా గెలిచాడు కదా, ఇంకా ఎందుకు భయం?"

దానికి జవాబు రాలేదు. అత్త ఓలిగలు తెచ్చింది. ఆయన రెండు తిని, ఫోన్ తీసి, పోయిన నవంబరులో ఓటేసి అంటించుకున్న స్టిక్కరుతో దిగిన ఫొటో చూపించాడు.