హారం చదివినవారికి ఉంగరం

ఉరవకొండ నుంచి ఓ రిటైర్డ్ టీచర్ ప్రశ్న: ‘భారతం, కళాపూర్ణోదయం మళ్లీ మళ్లీ చదువుకునేవాణ్ని. మనవడేమో ఇంగ్లీషు ఫాంటసీలు తప్ప ముట్టడు. వాడితో మాట కలపాలంటే ఏవి చదవాలి?’

మాస్టారూ, మీకది మరీ కొత్త లోకం కాదు. టోల్కీన్ ‘ది హాబిట్’ (1937)తో మొదలుపెట్టండి. పడగెత్తిన పాములాంటి కొండ కింద ఉంటున్న మీకు, కొండలో నిధి మీద పడుకున్న డ్రాగన్ పరాయిదనిపించదు.

రుచిస్తే ‘ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ (1954-55), మూడు సంపుటాలు. టోల్కీన్ ఆక్స్‌ఫర్డ్‌లో ప్రాచీన ఆంగ్లం బోధించిన ప్రొఫెసర్. అందుకే వంశచరిత్రలూ, మధ్యమధ్య పాటలూ. కుర్రాళ్లు దాటేసే ఆ పేజీల దగ్గరే మీరు ఆగుతారు. కళాపూర్ణోదయంలో శ్రీకృష్ణుడిచ్చిన హారం చేతులు మారుతూ కథ నడిపిస్తుంది. ఇక్కడ ఆ పని ఉంగరానిది. కాకపోతే ఇది దగ్గరుంచుకున్నవాణ్ని లోపల్నుంచి తినేస్తుంది. ఈ ప్రయాణం దాన్ని సంపాదించడానికి కాదు, వదిలించుకోవడానికి.

అంత లావు పుస్తకం వద్దనుకుంటే అర్సులా లెగ్విన్ ‘ఎ విజర్డ్ ఆఫ్ ఎర్త్‌సీ’ (1968). చిన్న నవల. అందులో అసలు పేరు తెలిసినవాడికే దేనిమీదైనా అధికారం. పంతానికి పోయి మంత్రం వేసిన కుర్రాడు, తాను బయటికి వదిలిన నీడనే చివరికి ఎదుర్కోవాలి. మంత్రానికి నిష్ఠ కావాలని ఎరిగినవారికి విడమర్చి చెప్పక్కర్లేదు.

చదివాక మనవణ్ని పరీక్షించకండి. ‘ఆ ఉంగరం నీ చేతికొస్తే ఏం చేస్తావురా?’ అని మాత్రం అడగండి. వాడు చెప్పింది పూర్తిగా విన్నాక, సూరనగారి హారం కథ ఎత్తుకోండి.