పిడికెడు బియ్యం

మమ్మల్ని బియ్యం క్రైస్తవులంటారు మీరు. మా నాయనమ్మ కాలంలో పాలపొడి క్రైస్తవులన్నారంట. నేను టీచర్ ట్రెయినింగులో ఉన్నప్పుడు హాస్టల్లో పక్క మంచం వాడు నవ్వుతా అడిగాడు, "మీ తాతకి ఎన్ని బస్తాలిచ్చార్రా?" అని. అప్పుడు నాకు జవాబు రాలా. ఇప్పుడు చెప్తున్నా, రాసుకోండి.

మా ఇంట్లో ఎసట్లో బియ్యం పోసేముందు మా అమ్మ పిడికెడు తీసి సత్తుగిన్నెలో వేస్తది. ఆదివారం ఆ గిన్నె గుడికి పోద్ది. మా మాదిగపల్లెలో ప్రతి ఆడమనిషీ అంతే. కూలి దొరకని వారం కూడా. బియ్యం లేకపోతే నూకలు. ఆ పిడికిళ్లతోనే పాస్టరయ్య ఇల్లు గడిచింది, గుడికి సున్నం పడింది. బియ్యం ఎటునుంచి ఎటు పోయిందో లెక్క కట్టండి.

చరిత్ర తెలిసిన పెద్దలు 1876-78 కరువు గురించి చెప్తారు. ఒంగోలు క్లౌ దొర బకింగ్‌హాం కాలువ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని మావాళ్లకి కూలిచ్చి కలిపేసుకున్నాడని. సగమే చెప్తారు. ఆ కరువు పని నడిచినంతకాలం ఆయన బాప్తిస్మాలు ఆపేశాడు. పని అయిపోయింది, ఇక కూలి లేదు అన్న తర్వాత వచ్చారు జనం. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది మునిగి లేచారు. అంతకు పన్నెండేళ్ల ముందే, 1866లో, యెర్రగుంట్ల పేరయ్య అనే మాదిగాయన తనకై తాను వెతుక్కుంటా వచ్చి బాప్తిస్మం తీసుకున్నాడు. ఆయన్నెవరు కొన్నారు? చెప్పులు కుట్టేవాడికి దేవుడి మీద ఆలోచన ఉంటదంటే మీకు మింగుడుపడదు, అదీ సంగతి.

ఇక మా ఇంటి సంగతి. 2005లో నేను ఇంటరు రెండో ఏడు. కౌలుకి తీసుకున్న మిరపచేను పోయింది. మా నాయన చేలోనే పురుగుమందు తాగాడు. మూడోరోజుకి అప్పు కాగితం పట్టుకుని ఆసామి వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. ఎర్రజెండా అన్నలొచ్చారు, పరిహారానికి దరఖాస్తు రాసిచ్చారు. మంచోళ్లే, కాదన్ను. దరఖాస్తు ఆఫీసులోనే పడి ఉంది.

మా అమ్మ గోడకి ఆనుకుని కూర్చునేది. అన్నం లేదు, నీళ్లు లేవు. అటక మీద ఇంకో మందు డబ్బా ఉందని, తన కళ్లు దానిమీదే ఉండేయని చాలా ఏళ్లకి నాతో చెప్పింది. ఆ డబ్బా తీసి పారబోసింది స్త్రీల సమాజం అత్తలు. ఆదరణ కూడిక అయిపోగానే అందరూ వెళ్లిపోలా. వంతులేసుకుని నలభై రాత్రులు మా ఇంట్లో పడుకున్నారు. ఆ నెల పిడికెడు బియ్యమంతా మా గడపలో దించారు. పాస్టరయ్య ఏం తిన్నాడో నాకు తెలవదు. అడగలా నేను.

ఆ చలికాలంలోనే మా అమ్మ సండేస్కూలు అమ్మాయి దగ్గర అక్షరాలు కూడబలుక్కోవడం మొదలెట్టింది. ముప్పై అయిదేళ్ల మనిషి, వేలు పెట్టి, 23వ కీర్తన. సంవత్సరంలో చదివేసింది. నన్ను కూలికి పంపమన్న వాళ్లతో, "నా కొడుకు సదూకుంటాడు" అంది. డిగ్రీ మా వంశంలో నేనే మొదలు. మతం మత్తుమందంటాడు నా కామ్రేడ్ మిత్రుడు. మత్తు తాగినోడు పడి నిద్రపోతాడు గదా అన్నా! మా అమ్మ లేచి కూర్చుంది.

2012 డీఎస్సీలో నాకు ఉద్యోగం వచ్చింది. సర్టిఫికెట్లో హిందూ, మాదిగ అని ఉంది. ఎందుకుందో మీకు తెలుసు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా ప్రకారం క్రీస్తుని నమ్మిన మాదిగ మాదిగ కాడు. 1956లో సిక్కుల్ని చేర్చారు, 1990లో బౌద్ధుల్ని చేర్చారు. మాకు బీసీ-సీలో ఒక్క శాతం. రెడ్డి క్రైస్తవుడైతే రెడ్డిగానే ఉంటాడు, పొలం పోదు, పెళ్లిసంబంధం పోదు. మేం మారితే కాగితం పోద్ది, కులం మాత్రం గుమ్మంలోనే ఉంటది. 1985లో కారంచేడులో ఆరుగురు మాదిగల్ని చంపినోళ్లు ఏ దేవుడికి మొక్కుతారని అడిగి నరికారా? మిగిలినోళ్లు చీరాల పరిగెత్తి చర్చి ఆవరణలోనే తలదాచుకున్నారు. 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, కులం పేరుతో తిట్టారని కేసు పెట్టిన పాస్టరుకి అట్రాసిటీ చట్టం వర్తించదంది. తిట్టినోడికి తెలిసిన కులం కోర్టుకి కనపళ్లా.

2019లో మా బళ్లో మధ్యాహ్న భోజనం వండే మా పల్లె ఆమెని మార్చాలని ఊళ్లోవాళ్లు పట్టుబట్టారు. నేను మార్చనివ్వలా. నెల తిరక్కుండా ఆకాశరామన్న ఉత్తరం పోయింది, ఈ పంతులు కిరస్తానీ, దొంగ సర్టిఫికెట్టు అని. విచారణకి ఓ అధికారి వస్తున్నాడని ముందురోజు తెలిసింది. క్యాలెండరు నేనే తీశా. బైబిలు బియ్యం డబ్బాలో నేనే దాచా. మా అమ్మ చూస్తా నిలబడింది.

"చర్చికి పోతారా?"

"లేదు సార్."

ఆయన మూడుసార్లు అడగలా, ఒక్కసారే అడిగాడు. పేతురుకంటే సులభంగా బొంకాను. అమ్మని కూడా అడిగాడు. ఆమె, "మావోడు సెప్పాడు గదయ్యా" అంది. అబద్ధం ఆడలా, నన్ను పట్టియ్యలా.

మా పాస్టర్లకీ ఓ మాట. ఆ వారం గుడిలో మీరు ఓర్చుకోండి, అధికారులకి లోబడండి అని ప్రసంగం చేశారు. మాల గుడి, మాదిగ గుడి వేరువేరుగా కట్టుకుని, సమాధుల దొడ్డి కూడా పంచుకుని, ఏ నోటితో లోబడమంటారయ్యా? ఆ నలభై రాత్రులు మా ఇంట్లో పడుకున్న ఆడోళ్లని ఎప్పుడైనా ప్రసంగం చెప్పనిచ్చారా?

ఆ సాయంత్రం అమ్మ బైబిలు తీసి, కొంగుతో తుడిచి, అంటుకున్న బియ్యపు గింజలు సత్తుగిన్నెలో రాల్చింది. నన్ను ఒక్కమాట అనలా. ఆ ఫైలు మూశారో లేదో ఇప్పటికీ ఎవరూ చెప్పలేదు. ఈ పుస్తకం ఆ ఆఫీసుకీ చేరుద్ది. ఉద్యోగం ఉంటదో, ఊడుద్దో. క్యాలెండరు గోడ మీదే ఉంది, కింద నా పేరు వేస్తున్నా.