గృహవైద్యము: కషాయమునకు పొలిమేర

వానకారు వచ్చినదనగా ఇంటింట తుమ్ములు, దగ్గులు, అరుగని కడుపులు, ఒడలినొప్పులు మొదలగును. ఈ కాలమున మా పాఠకసోదరీమణులు తఱచుగా అడుగు ప్రశ్న యొక్కటి కలదు. "ప్రతి చిన్న నలతకును వైద్యుని కడకు పరుగెత్తనేల? మన పెద్దలు కాచి యిచ్చిన కషాయములు చాలవా?" అని. కొన్నింటికి చాలును, కొన్నింటికి చాలవు. ఏది దేనికి చాలునో, ఎక్కడ ఆగవలెనో యెఱుగుటయే గృహిణి చేయదగిన వైద్యము. గతసంవత్సరము వానకారున మేము భద్రాచలము చెంత అడవియంచున బంధువుల యింట కొన్నిదినము లుంటిమి. అక్కడ నేర్చుకొన్నదానినే యీమాసము మీతో ముచ్చటింపదలచితిమి.

ఖమ్మమునుండి కొత్తగూడెము, పాల్వంచల మీదుగా పోయి గోదావరి వంతెన దాటినచో భద్రాచలము. ఈ సీమ 2016వ సంవత్సరమున ఖమ్మము జిల్లానుండి వేఱై భద్రాద్రి కొత్తగూడెము జిల్లాలో చేరినది. అక్కడినుండి నది వెంట దుమ్ముగూడెము, చర్లల వైపు సాగినకొలది పొలములు తగ్గి అడవి దగ్గరపడును. కోయలును, కొండరెడ్లును ఆ అడవికి పాతకాపులు. వారపు సంతలో చింతపండు, కరక్కాయలు, ఉసిరికాయలు, తేనె, ఎండిన వేళ్లు, తీగెలు చూడవచ్చును. పట్టణములలో సీసాలలో కొనుక్కొను మందుల ముడిసరకు అక్కడ గంపలలో నుండును. వంటింటికిని వైద్యమునకును నడుమ గోడలేని యిండ్లవి.

మొదట కాచు విధమును చెప్పెదము. మన ఆయుర్వేదము ద్రవ్యమునుండి సారమును తీయుటకు ఐదు మార్గములు చెప్పినది. పచ్చియాకును దంచి పిండినది స్వరసము. ముద్దగా నూరినది కల్కము. నీటిలో కాచి యిగిర్చినది క్వాథము. మనము వాడుకగా కషాయమనునది యిదియే. రాత్రి చల్లని నీట నానవేసి ఉదయమున వడకట్టినది హిమము. మరిగిన నీరు పోసి మూతపెట్టి వడకట్టినది ఫాంటము. తేనీరు చేయు పద్ధతి యిదియే గదా! ఆకులు, పువ్వులు, వాసనగల దినుసులు ఫాంటమునకు తగును; కాచినకొలది వాని సుగంధతైలము ఆవిరియై పోవును. బెరళ్లు, వేళ్లు, గట్టికాయలు క్వాథమునకు తగును. మెత్తని ద్రవ్యమునకు నాలుగు రెట్లు, నడిమిదానికి ఎనిమిది రెట్లు, గట్టిదానికి పదునాఱు రెట్లు నీరు పోసి నాల్గవపాలు మిగులువఱకు సన్నని సెగపై కాచవలెనని పెద్దల లెక్క. పాత్ర మట్టిదైనను, స్టెయిన్‌లెస్ స్టీలుదైనను మంచిది. కళాయి లేని రాగి యిత్తడి పాత్రలలో పులుపు, వగరు కలవానిని కాచరాదు. ఏనాటి కషాయము ఆనాడే త్రాగవలెను, నిలువ యుంచరాదు.

ఇక జలుబునకు. పది పండ్రెండు తులసియాకులు, నాలుగు మిరియపుగింజలు నలియగొట్టినవి, చిన్న అల్లపుముక్క ఒక లోటాలో వేసి, గ్లాసెడు మరిగిన నీరు పోసి, పదినిమిషములు మూతపెట్టి, కొంచెము బెల్లము కలిపి వెచ్చగా త్రాగవలెను. ఇది జలుబును తఱిమివేయునని మేము చెప్పము. జలుబు తనంతట తాను వారము దినములలో పోవును. ఈ నీరు గొంతునకు సుఖమిచ్చి, ముక్కు తెఱపిచేసి ఆ వారమును సులువుగా గడపించును. పొడిదగ్గు వేధించునపుడు చిన్న కరక్కాయముక్కను బుగ్గన నుంచుకొనుట మన యిండ్ల అలవాటే. కఫము పట్టి వదలని దగ్గునకు అడ్డసరపాకు ప్రసిద్ధము. రెండు ముదురాకులను రెండు గ్లాసుల నీట కాచి అరగ్లాసునకు దింపి, తేనెతో రెండుమూడు దినములు పుచ్చుకొందురు. ఈ ఆకులోని వాసిసిన్ అను సారమును అనుసరించియే నేటి వైద్యులు కఫమునకు వాడు బ్రోమ్‌హెక్సిన్ అను మందు తయారైనది. అయితే అడ్డసరము గర్భాశయమును కదలించు గుణము కలది. గర్భిణులు దానిని ముట్టరాదు.

అజీర్తికి వాము మించినది లేదు. చిన్నచెంచెడు వామును గ్లాసున్నర నీటిలో వేసి గ్లాసెడగువఱకు కాచి చిటికెడు ఉప్పుతో త్రాగినచో ఉబ్బరము తగ్గును. పిత్తము చేసి నోరు చేదైనపుడు ధనియాలు, జీలకర్ర కలిపి రాత్రి నానవేసిన హిమము హాయినిచ్చును. ఆ సీమలో ఎండలు మెండు. వేసవిలో సుగంధిపాల వేరు నానిన నీరు దాహమును చక్కగా తీర్చును. నెలసరి నొప్పికి చిన్నచెంచాలో సగము శొంఠిపొడిని వేడినీట కలిపి మొదటి రెండుమూడు దినములు పుచ్చుకొన్నచో పలువురకు నొప్పి తగ్గినట్లు నేటి పరిశోధనలును చెప్పుచున్నవి. రక్తము పలుచబఱచు మందులు వాడువారు మాత్రము వైద్యుని అడుగక పుచ్చుకొనరాదు.

విరేచనములకు దానిమ్మ తొక్క, మారేడు పిందె కాచి యిచ్చుట పూర్వాచారము. కాని విరేచనములలో ప్రాణము తీయునది రోగముకంటె నీరు పోవుటయే. కావున కాచి చల్లార్చిన లీటరు నీటిలో చిన్నచెంచాతో తలగొట్టిన ఆఱు చెంచాల పంచదార, అరచెంచెడు ఉప్పు కలిపి కొంచెము కొంచెముగా పట్టవలెను. ఆశా కార్యకర్త యిచ్చు ఓఆర్ఎస్ పొట్లము దొరికినచో అదియే మేలు. కషాయముల కాలములో ఇదియు నొక కషాయమే యనుకొనుడు; దీని తరువాతనే తక్కినవి.

ఇంతవఱకు చెప్పినవి పొలిమేరకు ఇవతలివి. ఇక అవతలిదానిని చెప్పెదము.

మేమున్న యింటి అత్తగారు డెబ్బదియేండ్ల పెద్దావిడ. కషాయములకు చుట్టుప్రక్కల పేరుపడిన చేయి. ఆమె కోడలు అయిదవనెల గర్భిణి. ఒకనాడు సాయంకాలము ఆ పిల్లకు చలిపుట్టి, పండ్లు కఱచుకొని, దుప్పటులు రెండు కప్పినను వణకు తగ్గలేదు. ఆపై ఒళ్లు కాలిపోయినది. వానలో తడిసినందున వచ్చినదని అందఱమును తలచితిమి. అత్తగారు నేలవేము సమూలముగా కాచి యిచ్చిరి. రాత్రి నడుమ చెమటపట్టి జ్వరము విడిచినది. మఱునాడు కోడలు లేచి తిరిగినది, అన్నము తిన్నది. "అత్తమ్మా, నీ చేతిలో అమృతమున్నది" అని నవ్వినది. మేమును ఆ పొగడ్తలో పాలుపంచుకొంటిమి. ఆ కషాయమును గూర్చి యీ శీర్షికలో వ్రాయవలెనని కాగితముపై కొలతలుకూడ ఎక్కించుకొంటిమి.

మూడవనాడు అదేవేళకు మరల వణకు వచ్చినది.

అత్తగారు మరల పొయ్యి రాజేయబోవుచుండగా, వారింటికి వేళ్లు, తీగెలు తెచ్చియిచ్చు కోయముసలమ్మ గుమ్మములోనికి వచ్చినది. మంచము చూచినది; కోడలి నుదుట చేయి వేసినది. "పెద్దమ్మా, ఈ నేలవేము నేను తెచ్చిందే. కాని దినం విడిచి దినం వచ్చే చలిజరానికి ఇది చాలదమ్మా. కడుపుతో ఉన్న పిల్ల. ఆశమ్మను పిలిపించి నెత్తురు చూపించాలె. మా గూడెంలో మేమంతా అట్లనే చేస్తం" అని చెప్పినది. మందుమొక్క అమ్ముకొను మనిషియే ఆ మందు చాలదని చెప్పుట విని మేము సిగ్గుపడితిమి.

ఆశా కార్యకర్త వచ్చి వేలికొన సూదితో గుచ్చి, ఒక్క రక్తపుచుక్క పరీక్షపట్టిపై వేసి, ఇరువది నిమిషములలో మలేరియా అని తేల్చినది. ప్రాథమిక ఆరోగ్యకేంద్రములో గర్భిణులకు తగిన మాత్రలిచ్చిరి. కొన్నిదినములకు కోడలు తేఱుకొన్నది. అత్తగారు మాత్రము ఆ రాత్రి మాతో, "నేను చేసిన తప్పొకటి కాదు, రెండు" అని కంటతడి పెట్టిరి. జ్వరమునకు రక్తపరీక్ష చేయింపకుండుట ఒకటి. గర్భిణికి ఈయరాని నేలవేమును ఇచ్చుట రెండవది. అందులో మా పాలును కలదు.

ఇందలి మర్మము నెఱుగుడు. వైవాక్స్ అను జాతి మలేరియా జ్వరము తఱచుగా నలువదియెనిమిది గంటల కొకసారి వచ్చుచు పోవుచుండును. నడుమ దినము తనంతటనే విడుచును. ఆ విడుపును చూచి మనము కషాయమును పొగడుదుము. కషాయము త్రాగినను, త్రాగకున్నను ఆ దినము జ్వరము విడిచెడిదే! ఫాల్సిపేరం అను రెండవజాతి ఇంకను క్రూరమైనది. వేళ తప్పి వచ్చును, ఆలస్యమైనచో మెదడున కెక్కును. గర్భిణులలో మలేరియా రక్తహీనతను తెచ్చి, బిడ్డకును కీడు చేయును.

ఈ జ్వరమునకును దోమకును గల సంబంధము మన తెలుగునేలనే బయటపడినది. 1897వ సంవత్సరము ఆగస్టు 20వ తేదీన సికిందరాబాదులో రొనాల్డు రాస్ అను సైనికవైద్యుడు మలేరియారోగిని కుట్టిన దోమ పొట్టలో ఆ రోగక్రిమిని కనుగొనెను. 1902లో ఆయనకు నోబెల్ బహుమాన మొసగబడినది. నేడు ఈ రోగమునకు వాడు ముఖ్యమైన మందు ఒక మొక్కనుండియే వచ్చినదని వినినచో మీకు సంతోషము కలుగును. చీనాదేశమున తూ యూయూ అను విదుషి వేలకొలది యేండ్ల పాతవైద్యమును శోధించుచు, కాచిన ఆకునందు గుణము కనబడక విసిగియుండగా, నాల్గవ శతాబ్దపు గ్రంథమొకటి ఆ మొక్కను కాచుమనలేదనియు, నీట నానవేసి పిండుమన్నదనియు గమనించెను. వేడిచే గుణము చెడుచున్నదని గ్రహించి, 1970వ దశకపు తొలియేండ్లలో చల్లని మార్గమున సారమును తీసెను. అదియే ఆర్టెమిసినిన్. 2015లో ఆమెకును నోబెల్ బహుమానము వచ్చినది. క్వాథము వేఱు, స్వరసము వేఱు అని మన పెద్దలు చెప్పిన భేదము ఎంత విలువైనదో చూచితిరా! అయినను ఆ మొక్క ఆకుల తేనీటిని మలేరియాకు వాడరాదని ప్రపంచ ఆరోగ్యసంస్థ హెచ్చరించుచున్నది. గుణము ఆకులో నున్నంత మాత్రమున మోతాదు గిన్నెలో నున్నదని కాదు.

అడవిమందులయం దింకొక చిక్కు గుర్తుపట్టుట. నీటిని తేర్చు చిల్లగింజయు, ప్రాణము తీయు ముష్టిగింజయు ఒకే కుటుంబమునకు చెందిన చెట్లవి. చిల్లగింజ గుండ్రము, ముష్టిగింజ బిళ్లవలె చప్పిడిగా పట్టునూగుతో నుండును. తిప్పతీగకును పోలికగల తీగెలున్నవి. కరోనా కాలమున దానిని నెలలతరబడి త్రాగిన ఆఱుగురికి కాలేయము చెడినదని 2021లో ముంబయి వైద్యులు ప్రకటించిరి. అది అసలు తిప్పతీగయే కాకపోవచ్చునని ఆయుష్ మంత్రిత్వశాఖ బదులు పలికినది. వాదము ఎట్లున్నను గృహిణికి పాఠ మొక్కటియే: గుర్తెఱుగని తీగెను తేరాదు, ఎఱిగినదానిని సయితము నిత్యము త్రాగరాదు.

కావున సోదరీమణులారా, ఈ నియమములను వంటింటి గోడపై వ్రాసి యుంచుడు.

జ్వరము వచ్చిన మొదటి దినముననే రక్తపరీక్ష చేయింపుడు. అడవిసీమలో నున్నను, ఆ సీమకు పోయివచ్చినను ఇది తప్పదు. ఆశా కార్యకర్తయొద్ద పరీక్షయు మందును ఉచితము.

జ్వరము విడిచినదని మాత్రలు నడుమ ఆపకుడు. కొన్ని మాత్రలు మూడు దినములు, కొన్ని పదునాలుగు దినములు వాడవలసియుండును, లెక్క వైద్యునిది.

ఆఱుమాసములు నిండని శిశువునకు తల్లిపాలు తప్ప వస, ఉగ్గు, కషాయ మేదియు పోయకుడు. ఏడాది నిండువఱకు తేనె నాకింపకుడు.

గర్భిణులకు వంటదినుసులను వంటలోని కొలతకు మించి కషాయముగా ఈయకుడు.

ఆయాసము, రక్తము పడుట, ఎడతెగని వాంతులు, తెలివి తప్పుట, కన్నులు పచ్చబడుట కనబడినచో పొయ్యి వెలిగింపక బండి పిలువుడు.

చివర నొక్కమాట. ఇంటిల్లిపాదికి కషాయము కాచి యిచ్చు చేయి తన నలతను ఎవరికిని చెప్పదు. ఆ కోడలును మొదటి వణకునకు ముందే రెండుదినములు తలనొప్పితో పనిచేసినదట, అడిగినవారు లేరు. ఈ వానకారున మీ పొయ్యిమీద తులసినీరు మరుగునపుడు మీకును ఒక గ్లాసు పోసికొనుడు. మీ ఒడలు వెచ్చబడినచో ఇతరులకు చేయునట్లే మీకును పరీక్ష చేయించుకొనుడు. ఆ యింట ఇప్పుడు నేలవేము కట్ట చూరున వ్రేలాడుచునే యున్నది. దాని ప్రక్కన గోడపై ఆశా కార్యకర్త ఫోను నంబరు బొగ్గుతో పెద్దయక్షరములలో వ్రాయబడియున్నది. వ్రాసినది అత్తగారే.