ముందు టేబుల్ కొలవండి, తర్వాతే మానిటర్

‘అన్నా, 24 ఇంచుల మానిటర్ తీసుకోవాలా, 27 తీసుకోవాలా?’ ఇంజినీరింగ్ మూడో ఏడాదిలోకి వచ్చిన తమ్ముళ్లు, చెల్లెళ్లు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్నల్లో ఇదొకటి. అడగడంలో తప్పేమీ లేదు. మైసమ్మగూడ, కండ్లకోయ, కొంపల్లి హాస్టళ్లలో ఏ గది తలుపు తీసినా ఒకటే సీన్. 15.6 అంగుళాల ల్యాప్‌టాప్‌లో ఎడమవైపు కోర్సు వీడియో, కుడివైపు కోడ్ ఉంటాయి. రెండూ సగం సగమే కనిపిస్తాయి. ఒక మానిటర్ ఉంటే బాగుండునని ఎవరికైనా అనిపిస్తుంది. అయితే ‘ఎన్ని ఇంచులు?’ అనేది మొదట అడగాల్సిన ప్రశ్న కాదు, మూడోది. మొదటిది మీ టేబుల్ ఎంత లోతు ఉందన్నది. రెండోది ఆ తెర మీద ఎన్ని చుక్కలు ఉన్నాయన్నది. ఈ రెండూ తేలితే అంగుళాలు వాటంతట అవే తేలిపోతాయి.

ఈ విషయానికి ఇంత చర్చ ఎందుకంటారా? మన వైపు పరిస్థితి చూడండి. కండ్లకోయలో గేట్‌వే ఐటీ పార్కుకు 2022 ఫిబ్రవరిలో శంకుస్థాపన జరిగింది. అయినా మేడ్చల్, శామీర్‌పేట చుట్టుపక్కల చదివే మనలో చాలామంది ఉద్యోగం కోసం చూసేది ఇప్పటికీ మాదాపూర్, గచ్చిబౌలి వైపే. కాలేజీ బస్సులు కదిలే టైముకి ల్యాబ్‌కి తాళం పడుతుంది. ఆ తర్వాత ప్రాక్టీస్, ప్రాజెక్టు, మాక్ ఇంటర్వ్యూ అన్నీ గదిలోనే. అంటే ఆఫర్ లెటర్ వచ్చేదాకా మన ఆఫీసు ఆ చిన్న టేబులే. దాని మీద ఏం పెడుతున్నామో ఆలోచించుకోవాలి. పైగా ఆ డబ్బు చాలా ఇళ్లలో ఫీజు కట్టాక మిగిలిన డబ్బు.

టేబుల్ చెప్పే లెక్క

మానిటర్ సైజు అంటే వెడల్పు కాదు, ఒక మూల నుంచి ఎదురు మూలకి ఉండే కొలత. 24 అంగుళాల మామూలు వెడల్పాటి తెర దాదాపు 53 సెంటీమీటర్ల వెడల్పు, 30 సెంటీమీటర్ల ఎత్తు ఉంటుంది. 27 అంగుళాలదైతే 60 వెడల్పు, 34 ఎత్తు. 32 అంగుళాలదైతే 71 వెడల్పు, 40 ఎత్తు. పెట్టె మీద సైజు సెంటీమీటర్లలో కూడా రాసి ఉంటుంది. 24 అని అమ్మేవాటిలో చాలావరకు అసలు కొలత 23.8 అంగుళాలు, అంటే 60.5 సెంటీమీటర్లు.

ఒక తేలిక లెక్క చెబుతాను. పెట్టె మీద సెంటీమీటర్లలో ఎంత రాసి ఉందో, మీ కంటికీ తెరకీ మధ్య కనీసం అంత దూరం ఉండేలా చూసుకోండి. 24కి సుమారు 60 సెంటీమీటర్లు, 27కి దాదాపు 70, 32కి 80. అమెరికా వృత్తి భద్రత సంస్థ ‘ఓషా’ కంప్యూటర్ తెరకి 50 నుంచి 100 సెంటీమీటర్ల దూరం ఉండాలని సూచిస్తుంది. మన లెక్క దాని లోపలే పడుతుంది. అంతకన్నా దగ్గరైతే ఈ చివర నుంచి ఆ చివరకి తల తిప్పుతూ ఉండాలి. సినిమా హాల్లో మొదటి వరుసలో కూర్చున్నట్టే. మూడు గంటల సినిమాకి మెడ ఓర్చుకుంటుందేమో కానీ ఆరు నెలల ప్లేస్‌మెంట్ ప్రిపరేషన్‌కి ఓర్చుకోదు.

ఇప్పుడు టేప్ పట్టుకుని మీ టేబుల్ లోతు కొలవండి, గోడ నుంచి మీ వైపు అంచు దాకా. అది 45 సెంటీమీటర్లే అనుకుందాం. మానిటర్ స్టాండు ఉండటం వల్ల తెర గోడకి అతుక్కోదు, పదీ పదిహేను సెంటీమీటర్లు ముందుకి వస్తుంది. మిగిలిన టేబుల్, దాని అంచు నుంచి మీ ముఖం దాకా ఉన్న దూరం కలిపితే 50 నుంచి 55 వస్తుంది. అక్కడ 24 కూడా కొంచెం సర్దుకుని పెట్టాల్సిందే. 27 అయితే అసలు పనికిరాదు. 60 సెంటీమీటర్ల లోతున్న టేబుల్ దొరికితే 27 గురించి ఆలోచించొచ్చు. క్లాంపుతో బిగించే స్టాండు కొంటే తెరని వెనక్కి జరపొచ్చు కానీ, హాస్టల్ టేబుల్ పలక ఆ బరువు మోస్తుందో లేదో చూసుకోవాలి. గోడకి రంధ్రం వేయాలంటే ఓనర్ ఒప్పుకోవాలి. అందుకే గది తీసుకునేటప్పుడు వైఫై పాస్‌వర్డ్‌తో పాటు మంచి టేబుల్ కూడా అడగండి. హాస్టళ్లు నడిపేవాళ్లకీ ఒక మాట. మంచానికీ గోడకీ మధ్య ఇరికించే పలకని స్టడీ టేబుల్ అనకండి. 60 సెంటీమీటర్ల లోతున్న టేబుల్ వేయిస్తే పిల్లల మెడలు బాగుంటాయి, మీ గదులకీ పేరొస్తుంది.

అంగుళాలు పెరిగితే చోటు పెరగదు

చాలామంది పొరపడేది ఇక్కడే. తెర పెద్దదైతే ఎక్కువ కోడ్ కనిపిస్తుందని అనుకుంటారు. ఎంత కనిపిస్తుందో తేల్చేది అంగుళాలు కాదు, చుక్కలు. అంటే పిక్సెళ్లు. ఫుల్ హెచ్‌డీ అంటే అడ్డంగా 1920, నిలువుగా 1080. 24లోనూ అవే, 27లోనూ అవే. 24లో అంగుళానికి దాదాపు 92 చుక్కలు పడితే, 27లో 82 మాత్రమే పడతాయి. అంటే ఎక్కువ డబ్బు పెట్టి అదే బొమ్మని సాగదీసి చూస్తున్నామన్నమాట. అక్షరాల అంచులు కాస్త గరుకుగా కనిపిస్తాయి. సినిమాకి తేడా తెలియదు కానీ రోజంతా అక్షరాలే చదివే పనికి తెలుస్తుంది.

27 నిజంగా పనికొచ్చేది క్యూహెచ్‌డీలో. అడ్డంగా 2560, నిలువుగా 1440. ఫుల్ హెచ్‌డీ కన్నా 78 శాతం ఎక్కువ చుక్కలు. అక్కడ కొత్తగా చోటు వస్తుంది. 27లో 4కె కొంటే అక్షరాలు మరీ చిన్నవైపోయి, 150 శాతానికి పెంచుకోవాల్సి వస్తుంది. అప్పుడు దక్కే చోటు మళ్లీ క్యూహెచ్‌డీ అంతే. అక్షరాలు నున్నగా ఉంటాయి, అంతవరకే. పాత ల్యాప్‌టాప్‌లో హెచ్‌డీఎంఐ 1.4 పోర్టు ఉంటే 4కె సెకనుకి 30 ఫ్రేముల దగ్గరే ఆగిపోతుంది. మౌస్ కూడా అతుక్కుంటూ కదులుతుంది.

మరి 24 అంగుళాల ఫుల్ హెచ్‌డీ కొంటే ఏం ఒరుగుతుంది, ల్యాప్‌టాప్ కూడా ఫుల్ హెచ్‌డీయే కదా అంటారా? మంచి ప్రశ్నే. 15.6 అంగుళాల ల్యాప్‌టాప్‌లో అక్షరాలు చిన్నవిగా ఉంటాయని విండోస్ సాధారణంగా 125 శాతానికి పెంచి చూపిస్తుంది. అప్పుడు మీకు దక్కేది 1536 బై 864 చుక్కలంత చోటే. 24లో ఆ పెంపు అక్కర్లేదు. లెక్క వేస్తే 56 శాతం ఎక్కువ చోటు. దాంతో పాటు ల్యాప్‌టాప్ తెర పక్కన ఉండనే ఉంటుంది. వీడియో దాంట్లో, కోడ్ దీంట్లో.

ఒక హెచ్చరిక. 32 అంగుళాల టీవీ తక్కువకి వస్తోందని దాన్నే మానిటర్‌గా వాడేద్దామని అనుకోకండి. ఆ సైజులో చాలా టీవీలు ‘హెచ్‌డీ రెడీ’, అంటే 1366 బై 768. ఫుల్ హెచ్‌డీలో సగం చుక్కలు. అంగుళానికి 49. క్రికెట్‌కి బ్రహ్మాండం, కోడ్‌కి తలనొప్పి.

ఎవరికి ఏది?

కోడింగ్ నేర్చుకుంటూ ప్లేస్‌మెంట్లకి ప్రిపేరయ్యేవాళ్లలో ఎక్కువమందికి 24 అంగుళాల ఫుల్ హెచ్‌డీ, ఐపీఎస్ ప్యానెల్ సరిపోతుంది. టేబుల్ మరీ చిన్నదైతే 21.5 అయినా ఫర్వాలేదు, చుక్కలు అవే కాబట్టి అక్షరాలు ఇంకా చక్కగా ఉంటాయి. డేటా, వీడియో ఎడిటింగ్, డిజైన్ వైపు వెళ్లేవాళ్లకి, అదీ టేబుల్ లోతు ఉంటే, 27 క్యూహెచ్‌డీ.

ఇంజినీరింగ్ వాళ్లకే కాదు. శామీర్‌పేట నల్సార్‌లో తీర్పుల పీడీఎఫ్‌లు చదివే లా విద్యార్థినే తీసుకోండి. ఏ4 కాగితం ఎత్తు 29.7 సెంటీమీటర్లు, 24 అంగుళాల తెర ఎత్తూ దాదాపు అంతే. అంటే రెండు పేజీలు దాదాపు అసలు సైజులో పక్కపక్కన పడతాయి, ఇంకా పది సెంటీమీటర్లు మిగులుతుంది. తుర్కపల్లి జీనోమ్ వ్యాలీ కంపెనీల్లో చేరాలనుకునే ఫార్మసీ, బయోటెక్ వాళ్లు పొడవాటి ఎక్సెల్ షీట్లతో కుస్తీ పడాలి. వాళ్లకి ఎత్తు కన్నా వెడల్పే ముఖ్యం.

తెర పై అంచు మీ కంటి ఎత్తులో గానీ కాస్త కింద గానీ ఉండాలి. ఎత్తు చాలకపోతే కింద పాత ఎంసెట్ పుస్తకాలు పెట్టండి. ఇన్నాళ్లకి అవి మళ్లీ పనికొస్తాయి.

టెస్టు రోజు ఈ తెరే అడ్డం

ఈ సంగతి షాపులో ఎవరూ చెప్పరు. ఆన్‌లైన్‌లో నిఘా పెట్టి నిర్వహించే చాలా పరీక్షల్లో రెండో తెరకి అనుమతి ఉండదు. సాఫ్ట్‌వేర్ కనిపెడితే టెస్టు మొదలవ్వదు, లేదా మీ పేరు పక్కన ఎర్ర గుర్తు పడుతుంది. నియమాలు ముందే చదివి, అవసరమైతే కేబుల్ పీకేయండి. అంతకన్నా ముఖ్యం, వారానికి ఒక్క మాక్ టెస్టయినా ఒట్టి ల్యాప్‌టాప్ మీదే రాయండి. రెండు తెరలకి అలవాటైన కళ్లు అసలు రోజున తడబడకూడదు.

ఇంటర్వ్యూలో స్క్రీన్ షేర్ చేసేటప్పుడూ అంతే. మీ 27 అంగుళాల క్యూహెచ్‌డీ మీద చక్కగా కనిపించే అక్షరం అవతలివాళ్ల చిన్న ల్యాప్‌టాప్‌లో చీమంత అవుతుంది. షేర్ నొక్కే ముందు ఫాంట్ పెంచండి. కెమెరా ఉన్న తెర వైపే చూసి మాట్లాడండి. పక్క తెర వైపు చూస్తూ జవాబిస్తే ఎక్కడో చూసి చదువుతున్నారని అనుకుంటారు.

డబ్బు ఏ వరుసలో?

మీ ల్యాప్‌టాప్‌లో 4 జీబీ ర్యామ్, పాత హార్డ్ డిస్క్ ఉంటే మానిటర్ గురించి మర్చిపోండి. ముందు ర్యామ్, ఎస్‌ఎస్‌డీ. తర్వాత నడుము నిలిపే కుర్చీ. ఆ తర్వాతే తెర. 24 అంగుళాల ఫుల్ హెచ్‌డీ మానిటర్లు పదివేల లోపే దొరుకుతున్నాయి. ఈఎంఐ పెట్టుకుని మరీ పెద్దది కొనాల్సిన అవసరం లేదు.

సెకండ్ హ్యాండ్ అయినా తప్పు లేదు. మేడ్చల్ నుంచి ఎంఎంటీఎస్ ఎక్కి సికింద్రాబాద్‌లో దిగి, పార్క్‌లేన్ సీటీసీ షాపులు తిరిగితే చాలా చూడొచ్చు. అయితే పాత చదరపు మానిటర్లలో వీజీఏ పోర్టు మాత్రమే ఉంటుంది, కొత్త ల్యాప్‌టాప్‌లకి అది ఉండదు. మీ ల్యాప్‌టాప్ పట్టుకెళ్లి అక్కడే కలిపి చూడండి. తెల్లటి పేజీ, నల్లటి పేజీ తెరిచి చచ్చిన చుక్కలు ఉన్నాయేమో వెతకండి. కొత్తది కొంటే అట్టపెట్టె, థర్మాకోల్ పారేయకండి. ఏడాదికో హాస్టల్ మారే మనకి అవే రక్ష.

మానిటర్ ఎవరికీ ఉద్యోగం ఇవ్వదు. అది చేసేదల్లా రోజుకి నాలుగైదు గంటలు కూర్చుని నేర్చుకునే పనిని కాస్త సుఖం చేయడమే. ఆ సుఖానికి ఎంత ఖర్చు పెట్టాలో మీ టేబుల్ చెబుతుంది, షాపువాడు కాదు. ఈ సాయంత్రం ఒక టేప్ సంపాదించండి.