పేపర్ ఒక్కటే సరే, దారి ఒక్కటేనా?



రిజర్వేషన్ల మీద చర్చ ఎక్కడ మొదలైనా ఒక మాట తప్పకుండా వస్తుంది: "అందరికీ పేపర్ ఒకటే, టైం ఒకటే. ఇంకేం సమానత్వం కావాలి మీకు?" ఈ మాట అనేవాళ్లలో చాలామంది ఇంకో రోజు అమర్త్య సేన్ మన దేశానికి గర్వకారణం అంటారు. 1998లో నోబెల్, 1999లో భారతరత్న అని గడగడా చెప్తారు. ఆయన ఏం అడిగారో మాత్రం చెప్పరు.

సేన్ 1979లో ఇచ్చిన ఒక ప్రసంగం పేరే ఒక ప్రశ్న: సమానత్వం అంటున్నారు సరే, దేనిలో? ఆయన వాదన సూటిగా ఉంటుంది. ఇద్దరి చేతిలో ఒకే డబ్బు పెట్టినా ఇద్దరూ ఒకేలా బతకలేరు. వైకల్యం ఉన్న మనిషికి ఆ డబ్బుతో అందరికీ జరిగినంత జరగదు. అందుకే చేతికి ఏం ఇచ్చామని కాదు, దాంతో ఆ మనిషి ఏం చేయగలుగుతున్నాడో చూడాలి. 1990 నుంచి వస్తున్న ఐక్యరాజ్యసమితి మానవాభివృద్ధి నివేదికలకు పునాది ఈ ఆలోచనే.

ఇప్పుడు మన బడికి రండి. ఇంట్లో కోయ, కువి, సవర మాట్లాడే పిల్ల ఒకటో తరగతిలో తెలుగు పుస్తకం తెరుస్తుంది. అక్షరాలూ కొత్తే, భాషా కొత్తే. టౌన్ పిల్లాడికి కోచింగ్ సెంటర్ వీధి చివరే ఉంటుంది. పన్నెండేళ్ల తర్వాత ఇద్దరికీ ఒకే పేపర్ ఇచ్చి, సమానంగా చూశాం అంటే ఎలా?

ఏజెన్సీ బడులకు బయటి టీచర్లు సరిగ్గా రావడం లేదనే, అక్కడి టీచర్ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇస్తూ 2000లో జీవో నంబర్ 3 వచ్చింది. నూరు శాతం చెల్లదని 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఆ తర్వాత గోలంతా పోస్టులు ఎవరికి, మెరిట్ ఏమైంది అన్నదాని మీదే. బెంచీ మీద కూర్చున్న పిల్లకి ఏం దక్కుతుందని ఎంతమంది అడిగారు?

మెరిట్ గురించి కూడా సేన్ రాశారు. సమాజం ఏ ఫలితాన్ని మంచిదనుకుంటుందో దాన్నిబట్టే మెరిట్‌ను నిర్ణయిస్తారన్నది ఆయన మాట. ఏజెన్సీ పిల్లలు చదువుకోవడమే మంచి ఫలితమైతే, పిల్లల భాష తెలిసి, ఊళ్లోనే ఉండి, రోజూ బడి తలుపు తీసే టీచర్‌ది మెరిట్ కాదా? ఇది మా ప్రశ్న.

"పెద్దపెద్ద పేర్లు మనకెందుకు, కొమురం భీం ఎవరి పుస్తకం చదివి పోరాడాడు?" అని మనోళ్లే అంటారు. నిజమే. మన బాధకి సేన్ సర్టిఫికెట్ అక్కర్లేదు. మన భూమి ఎవరు తీసుకున్నారో ఆయన వచ్చి చెప్పక్కర్లేదు. కానీ ఆయన పేరుతో దండలు వేసుకునేవాళ్లకి ఆయన ప్రశ్న గుర్తుచేయడం మన పనే.

ఈసారి ఎవరైనా "పేపర్ ఒకటే కదా" అంటే కోపం తెచ్చుకోవద్దు. "సమానత్వం దేనిలో?" అని అడగండి. జవాబు వచ్చేదాకా వదలొద్దు.

జై ఆదివాసీ!